మలుపు దగ్గర గేటు

2003 ఆగస్టులో ఒక సోమవారం పొద్దున సుకుమార్ తన మోపెడ్‌ను తిరుచానూరు రోడ్డులో ఒక ఖాళీ స్థలం ముందు ఆపి, సంచిలోంచి టేపు తీశాడు. స్థలం నాలుగు మూలలూ కొలిచి మేకులు కొట్టించి రావడం ఆ రోజు పని. గంటలో అయిపోవలసింది. మధ్యాహ్నం రెండైనా అతను అక్కడే ఉన్నాడు. మేకులు ఎప్పుడో దిగిపోయాయి. కొట్టిన కూలీలు సద్దిమూటలు విప్పుకుని తిని, చెట్టు నీడన కునుకు కూడా తీసి లేచారు. సుకుమార్ మాత్రం రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.

అతను డ్రాఫ్ట్స్‌మన్. తిరుపతిలో రఘునాథ్ అనే ఇంజనీరు ఆఫీసులో పద్నాలుగేళ్లుగా ఇళ్లకూ లాడ్జీలకూ కల్యాణ మండపాలకూ ప్లాన్లు గీస్తున్నాడు. గీసేది సుకుమార్, సంతకం పెట్టేది రఘునాథ్. కంప్యూటర్ మీద గీసే కుర్రవాళ్లు ఊళ్లో అప్పుడప్పుడే తయారవుతున్నా, సుకుమార్ చేతి గీతకు ఇంకా గిరాకీ ఉండేది. నలభై ఒక్కేళ్ల మనిషి, సన్నగా ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు. కూర్చున్న చోట కాలు ఆడిస్తూనే ఉంటాడు.

ఆ స్థలం ఐదు వందల అంకణాలు, అంకణమంటే ముప్పై ఆరు చదరపు అడుగులు. జయచంద్ర అనే ఆసామి మామిడి తోటలమ్మి బిల్డరు అవతారమెత్తి, అందులో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు కట్టబోతున్నాడు. కింద సెల్లారులో కార్లు. సెల్లారు నుంచి ర్యాంపు ఎక్కి వచ్చిన కారు గేటు దాటగానే నేరుగా మెయిన్ రోడ్డు మీద పడుతుంది. ఆ గేటునీ, ఆ ర్యాంపునీ నెల కిందట గీసింది సుకుమారే. స్థలం చూడకుండా, ఆఫీసులో బల్ల ముందు కూర్చుని గీశాడు. అతని చేతికి వచ్చిన కొలతల కాగితం స్థలం హద్దుల దగ్గరే ఆగిపోయింది. అందుకని ముందున్న రోడ్డును రెండు తిన్నని గీతలు గీసి వదిలేశాడు.

తీరా వచ్చి చూస్తే రోడ్డు తిన్నగా లేదు. తిరుచానూరు నుంచి వచ్చే రోడ్డు సరిగ్గా ఈ స్థలం ముందు ఎడమకు వంపు తిరుగుతోంది. ఆ వంపు లోపలి వైపునే పక్కన మూతబడ్డ బియ్యం మిల్లు, దాని ఎనిమిదడుగుల గోడ. ర్యాంపు ఎక్కి వచ్చే మనిషి కుడివైపు చూస్తే కనబడేది ఆ గోడే. గోడ చాటు నుంచి బస్సు బయటపడిన చోటు నుంచి గేటు రావలసిన చోటుకి సుకుమార్ అంగలు వేసుకుంటూ నడిచాడు. ఇరవై రెండు అంగలు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు బస్సు ఆ దూరం దాటేస్తోంది.

ఆ సాయంత్రం అతని భార్య కృపారాణి సంగటి వడ్డించి, అతను ముద్ద తుంచకుండా కూర్చోవడం చూసింది. ఆమె ఊళ్లో ఒక ఆసుపత్రిలో నర్సు.

"ఏంది, సంగటి ముందర పెట్టుకోని గోడ సూస్తా ఉండారు?"

"రోడ్డు గురించి ఆలోచిస్తా ఉండా."

"యా రోడ్డు?"

అతను చెప్పాడు. ఆమె విని, గరిటె కింద పెట్టి, "మళ్లీ మొదలైనాదా మీకు?" అంది మెల్లగా.

మళ్లీ అనడానికి కారణముంది. సుకుమార్ పుట్టింది పూతలపట్టులో. చిత్తూరు నుంచి తిరుపతికి పోయే బస్సులన్నీ ఆగే కూడలి అది. తల్లి పోలేరమ్మ ఉడకబెట్టిన శనక్కాయలు బస్సు కిటికీల్లోంచి అందిస్తూ నలుగురు పిల్లలను సాకింది. పన్నెండేళ్లు వచ్చేదాకా సుకుమార్ ఆమె గంప పక్కనే పెరిగాడు. ఏ బస్సు ఎక్కడ వేగం తగ్గిస్తుందో, ఏ లారీ చూసుకోకుండా వెనక్కి వస్తుందో వాడికి చక్రాల చప్పుడును బట్టి తెలిసిపోయేది. "ఆగమ్మా" అని వాడు కొంగు పట్టి లాగితే పోలేరమ్మ ఆగేది. ఎందుకని అడిగేది కాదు.

ఆ చూపు అతనికి బల్ల ముందు కూర్చున్నాక ఎందుకో పనిచేయలేదు. 1994లో ఒక కల్యాణ మండపానికి ప్లాను గీశాడు. వంతెన దిగువన గేటు పెట్టమన్నారు, పెట్టాడు. రెండేళ్ల తరువాత ఒక ముహూర్తం రోజున పెళ్లివారి వ్యాను ఆ గేటులోంచి వెనక్కి వస్తూ, వంతెన దిగి వస్తున్న ఒక పూల వ్యాపారిని గుద్దింది. అతను బతకలేదు. పేపరులో జిల్లా పేజీలో నాలుగు వరసల వార్త. సుకుమార్ పోయి చూశాడు. రోడ్డు మీద చామంతులు ఇంకా ఉన్నాయి, బండ్లు వాటి మీదుగానే పోతున్నాయి. తప్పు వ్యాను డ్రైవరుదన్నారు. ప్లాను గీసిందెవరని ఎవరూ అడగలేదు, అడుగుతారని అనుకోవడం కూడా వెర్రి. కృపారాణికి తప్ప అతను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ తరువాత నుంచి ఏ ఊరు పోయినా అతని కళ్లు ముందు గేట్ల మీదికే పోయేవి.

మంగళవారం పొద్దున ఏడుకే అతను సైటు దగ్గర ఉన్నాడు. పాత ప్రింటు వెనక్కి తిప్పి, గడులు గీసి, వచ్చిన బండికల్లా ఒక గీత పెట్టడం మొదలుపెట్టాడు. బస్సులకొక గడి, లారీలకొకటి, ఆటోలకొకటి, రెండు చక్రాల బండ్లకొకటి. దేవస్థానం ఉద్యోగుల బస్సులు, వేపమండలు కట్టుకుని అరవనాడు నుంచి వచ్చే యాత్రికుల వ్యాన్లు, కాలేజీ పిల్లల స్కూటర్లు, ఆరుగురిని ఎక్కించుకున్న ఆటోలు. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ ఒక్క గంటలో డెబ్బై నాలుగు బస్సులు పోయాయి. ఆటోల గడి నిండిపోయి గీతలు పక్క గడిలోకి పోయాయి. బుధవారం మళ్లీ వచ్చాడు. శనివారం మళ్లీ వచ్చాడు. శనివారం ఒకటిన్నర రెట్లు ఉన్నాయి.

సోమవారం ఆ కాగితాన్ని రఘునాథ్ బల్ల మీద పరిచాడు.

"ఏంది ఇది?" అన్నాడు రఘునాథ్ కళ్లద్దాలు పైకి తోసుకుంటూ.

"గేటు ఆడ పెట్టగూడదు సార్."

"రోడ్డు వెడల్పు సరిపోయినాది. వదలాల్సిన స్థలం వదిలినాము. రూల్సులో తప్పుందా?"

"తప్పు లేదు సార్. కనపడదు."

"ఏంది కనపడనిది?"

"వచ్చే బస్సు. ర్యాంపు ఎక్కేవానికి బస్సు కనపడదు, బస్సువానికి వీడు కనపడడు."

"హారన్ కొడతారులేబ్బా" అని రఘునాథ్ కాగితాన్ని మడిచి అతని చేతికే ఇచ్చాడు. "ప్లాను పోయిన వారమే అప్రూవల్‌కు పెట్టేసినాము. పార్టీ మెయిన్ రోడ్డు గేటు కావాలన్నాడు. నువ్వు గీసినావు. నేను సంతకం పెట్టినా. ఇంగ దాన్ని కెలకబాక."

సుకుమార్ తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ముందు ఇంకొకరి ఇంటి ప్లాను ఉంది. మెట్లు గీయాలి. స్కేలు పెట్టాడు, తీశాడు. లేచి మంచినీళ్లు తాగి వచ్చాడు. మళ్లీ లేచాడు. సాయంత్రం నాలుగుకు చెప్పకుండా బయటపడి, జయచంద్ర ఇంటికి పోయాడు. ఇంజనీరును దాటి పార్టీ దగ్గరికి పోవడం తప్పని అతనికి తెలుసు. పద్నాలుగేళ్లలో ఎన్నడూ చేయలేదు.

జయచంద్ర యాభై దాటిన భారీ మనిషి. మాట పెద్దది, మర్యాద కూడా పెద్దదే. కాఫీ ఇప్పించి, గేటును మిల్లుకు అవతలి పక్కనున్న సందులోకి మార్చాలన్నదాకా మొత్తం విన్నాడు.

"సూడు సుకుమారూ, మెయిన్ రోడ్డు గేటు అని బోర్డు రాయించినా. పన్నెండు మంది బుక్ చేసుకున్నారు. ఇప్పుడు పక్క సందులో గేటంటే యెవుడు కొంటాడు?"

"ఒక్క పది నిమిషాలు సైటు కాడికి రండన్నా. బండి మీరే తోలల్ల."

"తోలి?"

"తోలినాక మీ ఇష్టం."

ఏమనుకున్నాడో, జయచంద్ర సరేనన్నాడు.

మరుసటి రోజు ఎనిమిదింటికే సుకుమార్ సున్నంతో నేల మీద ర్యాంపు గీశాడు. వాచ్‌మన్ గది కోసం దింపిన ఇటుకలను కూలీల చేత గేటుకు రెండు పక్కలా ఐదడుగుల ఎత్తు పేర్పించాడు, అక్కడ రాబోయే కాంపౌండు గోడ అంత. పక్క సందులోని ఆడవాళ్లు ఇదేదో పూజ అనుకుని వచ్చి నిలబడ్డారు. తొమ్మిదికి జయచంద్ర తన సుమోలో వచ్చాడు. డ్రైవరును దింపి తానే స్టీరింగు పట్టుకున్నాడు. సుకుమార్ పక్కన కూర్చున్నాడు.

"మెల్లగా పోనీండి. ఆ సున్నం గీత కాడ ఆపి కుడిపక్క సూడండి."

ఆపాడు. ఇటుకలు కనబడ్డాయి, ఇటుకల వెనక మిల్లు గోడ కనబడింది.

"ఏమీ రావడం లేదు గదప్పా."

"ఇంకొంచెం ముందుకు."

బానెట్ రోడ్డు మీదికి వచ్చింది. జయచంద్ర మెడ సాచి చూశాడు. అప్పుడు కూడా గోడే. ఇంకొక అడుగు పోనిచ్చాడు. గోడ చాటు నుంచి బస్సు ఒక్కసారిగా మీదికి వచ్చినట్టు వచ్చింది. హారన్ చెవులు పగిలేటట్టు మోగింది. జయచంద్ర బ్రేకు తొక్కేశాడు. బస్సు డ్రైవరు స్టీరింగు కుడికి కోసి, బానెట్‌కు బెత్తెడు దూరంలో దాటించి, కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టిన తిట్టు సందులో ఆడవాళ్లందరికీ వినబడింది.

జయచంద్ర ఇంజను ఆపాడు. తరువాత బండి దిగాడు. మొహం నల్లబడింది.

"సంపల్లని పిలిసినావారా నన్ను?" అన్నాడు. అంతకు మునుపు అతను సుకుమార్‌ను ఎన్నడూ అరే అనలేదు. డ్రైవరును పిలిచి బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ తిట్టుకంటే ఎక్కువగా సుకుమార్‌ను కుదిపింది ఇంకొక మాట. సందులో మొదటి ఇల్లు దేవకమ్మది. అరవై ఏళ్ల విధవ, రెండు బర్రెల పాలు అమ్మి బతుకుతోంది. ఆమె దగ్గరికి వచ్చి, ఇదంతా ఏమిటని అడిగింది. గేటు మెయిన్ రోడ్డులో వద్దనీ, సందు వైపు పెట్టించాలని చూస్తున్నాననీ అతను కొంచెం గర్వంగానే చెప్పాడు.

"మా సందులోకా?" అంది దేవకమ్మ. "పన్నెండడుగుల సందు నాయనా ఇది. పదకొండు ఇండ్లు. నా బర్రెలు తిరుక్కోను ఇదొక్కటే తావు. నలభై కార్లు దూరితే మేము యాడికి పోవల్ల? ఆ కార్లోళ్ల పేణాలు కాపాడేదానికి మా పిలకాయల మీదికి తోస్తా ఉండావే!"

 సుకుమార్ కాగితం మీద గడుల్లో బస్సులున్నాయి, లారీలున్నాయి. బర్రెలకు గడి లేదు. తలుపు ముందు కూర్చుని గోరుముద్దలు తినిపించే తల్లులకు గడి లేదు.

అతను ఆఫీసు చేరేసరికి జయచంద్ర ఫోను ముందే చేరింది. రఘునాథ్ కేకలు వేయలేదు.

"నా సంతకం కింద నువ్వు నీ మనసు గీయగూడదు సుకుమార్" అన్నాడు. "పార్టీ ఇంటికి పోయే ముందు నన్ను అడిగినావా? రేపటి నుంచి రావద్దులే."

సుకుమార్ తన స్కేళ్లు, మూలమట్టాలు, సిరా పెన్నులు సంచిలో వేసుకున్నాడు. సగం గీసిన మెట్లు బల్ల మీద అలాగే ఉన్నాయి. పూర్తి చేసి పోదామా అని ఒక్క క్షణం అనిపించింది. చేయలేదు.

తరువాతి పదకొండు రోజులు కృపారాణికి నరకం. అతను ఇంట్లో నిలవడు, బయటికి పోతే తిరిగి రాడు. నేల మీద చార్టు పరిచి గీస్తాడు, చించుతాడు. పొద్దున లేస్తూనే సందుకు పోయి దేవకమ్మ బర్రె తలను తిప్పుకోవడానికి ఎంత చోటు కావాలో కొలిచి వస్తాడు. "బర్రెను కూడా ప్లానులో వేస్తా ఉండారా?" అని కృపారాణి నవ్వబోయి, అతని మొహం చూసి లోపలికి పోయింది.

చివరికి చిక్కు ఎక్కడ వీడుతుందో కనబడింది. జయచంద్ర తన స్థలంలోంచి సందు పొడుగునా ఆరడుగులు వదిలితే సందు పద్దెనిమిది అడుగులవుతుంది. గేటు సందులో, మొదట్లోనే పెడితే కార్లు దేవకమ్మ ఇల్లు దాటి లోపలికి పోవు. రోడ్డులో కలిసే ఆ సందు మొగ మిల్లు గోడకు నూట నలభై అడుగుల దూరం. అక్కడ రోడ్డు వైపు మూలను కోసి, ముందు గోడను వెనక్కి జరిపితే వచ్చే బస్సు మిల్లు దగ్గరే కనబడుతుంది. స్తంభాలు జరపాలి. ఒక్కో అంతస్తులో ఒక ఫ్లాటు చిన్నదవుతుంది. మొత్తం పోయేది ఇరవై రెండు అంకణాలు, మూలకు ఇంకొంచెం. తిరుచానూరు రోడ్డులో ఇరవై రెండు అంకణాలు ఊరికే వదిలే బిల్డరు ఎవరు? అతను కాగితం చుట్టి బీరువా మీద పెట్టేశాడు.

పన్నెండో రోజు సాయంత్రం సుమో వచ్చి వాళ్ల ఇంటి ముందు ఆగింది. జయచంద్ర ఒక్కడే దిగి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కృపారాణి టీ ఇచ్చింది. ఆమె లోపలికి పోయాక అతను గొంతు తగ్గించాడు.

"ఆ పొద్దు నుంచి నేను బండి తోలడం లేదు సుకుమారూ. స్టీరింగు పట్టుకుంటే కాలు వొణుకుతా ఉండాది. ఈ మాట యెవురికీ చెప్పబాక."

"చెప్పనన్నా."

"నా ఫ్లాట్లు కొన్నోళ్లలో నాకంటే బాగా తోలేవాళ్లు ఎంతమందుంటారు చెప్పు? కొత్తగా నేర్చుకున్న ఆడపిల్లలుంటారు, ముసిలోళ్లుంటారు." టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "గేటు యాడ పెట్టల్లో గీయి."

సుకుమార్ కుర్చీ వేసుకుని ఎక్కి బీరువా మీది కాగితపు చుట్ట దింపాడు. జయచంద్ర చూశాడు. ఆరడుగుల గీత మీద వేలు పెట్టాడు.

"ఇది?"

"సందుకు వదలల్ల. లేకుంటే ఆడ బర్రెలు పెట్టుకోనుండే దేవకమ్మ ఒప్పుకోదు."

"ఎంత?"

"ఇరవై రెండు అంకణాలు."

జయచంద్ర లేచాడు. గుమ్మం దాకా పోయి వచ్చాడు. మళ్లీ కూర్చున్నాడు. "నా స్థలాన్ని తినేస్తా ఉండావబ్బా నువ్వు" అన్నాడు. సుకుమార్ మోకాలు ఆగకుండా ఆడుతోంది.  "ముందు ఆ బర్రెలామెను ఒప్పించు. ఆమె ఒప్పుకోకుంటే ఇచ్చీ దండగే" అని జయచంద్ర చుట్టను చంకలో పెట్టుకుని పోయాడు.

ఆదివారం దేవకమ్మ ఇంటి ముందు పదకొండు ఇండ్ల వాళ్లూ చేరారు. సుకుమార్ ప్లాను పరిచి వివరించాడు. దేవకమ్మ మధ్యలోనే ఆపింది.

"కాగితాలు నాకు సదవను రాదు నాయనా. ఇట్లా గీసినోళ్లు శానామంది వొచ్చినారు, పోయినారు. ఆరడుగులు ఇడిసి ముందు ఆ గోడ కట్టమను. పునాది తర్వాత తీసుకోమను. గోడ కంటికి కనపడితే అప్పుడు నమ్ముతా."

వెనక నిలబడ్డ జయచంద్ర గొంతు సవరించుకుని, "కట్టిస్తానమ్మా" అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఏదో వస్తుందనుకున్నవాళ్లకు అది చిన్నదిగా వినిపించింది. కానీ వినాయక చవితి పోయిన వారంలోనే గోడ లేచింది. దేవకమ్మ దాని పక్కన అడుగులు వేసి తానే కొలుచుకుంది. ఒకటికి రెండుసార్లు.

కొత్త ప్లాను మీద రఘునాథే సంతకం పెట్టాడు. మళ్లీ పనిలోకి రమ్మని కబురు కూడా పంపాడు. సుకుమార్ పోలేదు. ఎందుకు పోలేదో కృపారాణికి సరిగ్గా చెప్పలేకపోయాడు. కొర్లగుంటలో ఒక చిన్న గది తీసుకుని, సంతకం వేరే ఇంజనీరు చేత పెట్టిస్తూ, చిన్న ఇళ్ల ప్లాన్లు గీయడం మొదలుపెట్టాడు. సంపాదన తగ్గింది. ప్లాను కావాలని వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ముందు ఆ ఇంటి ముందు రోడ్డు చూసి వస్తానని లేచి పోయేవాడు. కొందరు ఆగేవారు, కొందరు విసుక్కుని వెళ్లిపోయేవారు.

2005 చివరికి అపార్ట్‌మెంటు నిండింది. ఫ్లాట్లు కొన్నవాళ్లు గేటు సందులో ఉందని సణుగుతూనే ఉన్నారు. మెయిన్ రోడ్డు వైపు ఇంకో గేటు తెరుద్దామని సంఘం మీటింగులో ఎవరో అంటే, జయచంద్ర స్వయంగా పోయి గొడవపడి ఆపాడట. సుకుమార్ అప్పుడప్పుడు పొద్దుటి పూట వచ్చి, సందు మొగ దగ్గర నిలబడి చూసేవాడు. కార్లు మూల దగ్గర ఆగి, చూసుకుని, రోడ్డెక్కి పోయేవి. ఎవరికీ ఏమీ కాలేదు. జరగనిదాన్ని చూసి సంతోషపడడం ఎలాగో అతనికి తెలియలేదు. ఈ గేటు సరిచేస్తే పూల మనిషి మనసులోంచి పోతాడని లోలోపల అనుకున్నాడు. పోలేదు. ఒక్కో పొద్దు అతను తిరిగి వస్తూ, దారిలో కొత్తగా లేస్తున్న గోడల మధ్య ఖాళీలను చూసి మోపెడ్ ఆపేవాడు.

తరువాతి వేసవిలో ఒక ఆదివారం, సుకుమార్, కృపారాణి చర్చికి తయారవుతుండగా, దేవకమ్మ ఆటోలో వచ్చి దిగింది.

"ఎవుడో కొత్తగా వొచ్చినోడు కారు తెచ్చి నా ఇంటి ముందర పెట్టినాడు. గేటు లోపల తావు లేదంట. బర్రెలు బయటికి రాను లేదు, నువ్వు వొచ్చి సెప్పు."

"వాచ్‌మన్‌కు చెప్పరాదా పెద్దమ్మా?" అంది కృపారాణి, చేతిలో బైబిలుతో. "ఈయనకేం సంబంధం?"

"ఈ సందు గీసింది యెవురు మల్లా?" అంది దేవకమ్మ.

సుకుమార్ అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. టేపు ఉన్న సంచి కోసం వెతుకుతున్నాడు.

"ప్రార్థనకు టైమైతా ఉండాది" అంది కృపారాణి.

"నువ్వు పద. వస్తా" అని అతను ఆటోలో దేవకమ్మ పక్కన కూర్చుని, కారు పొడుగెంత ఉంటుందో అడగడం మొదలుపెట్టాడు.